ఒరాంగుటాన్ పిల్లను మళ్లీ అడవికి పంపాలంటే

ఆగ్నేయాసియాలోని బోర్నియో, సుమత్రా దీవుల్లో చెట్ల మీద బతికే పెద్ద వానరం ఒరాంగుటాన్. అక్కడి సంరక్షణ కేంద్రాలకు ఒరాంగుటాన్ పిల్ల వచ్చిందంటే, దాదాపు ప్రతిసారీ దాని తల్లి చనిపోయిందనే అర్థం. ప్రాణం ఉన్నంతవరకూ తల్లి పిల్లను వదలదు. పిల్ల కావాలనుకున్నవాళ్లు ముందు తల్లిని చంపుతారు. అడవి నరికి ఆయిల్‌పామ్ వేసిన చోట తిండి దొరక్క తోటలోకి దిగి, మొక్కల మొవ్వు పీక్కుతింటున్న తల్లిని ఎయిర్‌గన్‌తో కాలుస్తారు, లేదా కత్తితో నరుకుతారు. దాని ఒంటిని కరుచుకుని ఉన్న పిల్లను విడదీసి ఇంటికి తీసుకుపోయి కొన్నాళ్లు ముద్దుగా పెంచుకుంటారు, లేదా అమ్ముకుంటారు. ఇండోనేసియాలో 1990 నాటి చట్టం ప్రకారం ఇది జైలుశిక్ష పడే నేరం. అధికారులు స్వాధీనం చేసుకున్న పిల్లలు, తోటల్లో గాయాలతో దొరికిన పెద్దవి ఈ కేంద్రాలకు చేరతాయి.

అడవిలో ఒరాంగుటాన్ పిల్ల ఏడెనిమిదేళ్లు తల్లి దగ్గరే పెరుగుతుంది. ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో, ముళ్ల కాయను ఎలా విప్పాలో, ఏ చెట్టు బెరడు లోపలి పొర తినొచ్చో, రాత్రి గూడు ఎలాంటి కొమ్మల మీద అల్లుకోవాలో అన్నీ తల్లిని చూసి నేర్చుకుంటుంది. అందుకే కాన్పుకూ కాన్పుకూ మధ్య కూడా ఏడెనిమిదేళ్ల ఎడం ఉంటుంది. అనాథ పిల్లను తీసుకున్న కేంద్రం ఆ ఏళ్లన్నిటికీ పూచీ పడుతున్నట్టే. ప్రాణం నిలబెట్టడం కొన్ని వారాల్లో తేలిపోయే పని. ఆ తర్వాతి చదువుకు ఆరేడేళ్లు పడుతుంది. పైగా పిల్లను బతికించే ప్రతి పనీ మనిషి చేతుల మీదుగానే జరగాలి, అది ఆ చేతులకే అలవాటు పడిపోతే మాత్రం అడవిలో నిలవదు. ఎంత దగ్గరికి తీసుకోవాలి, ఎప్పటినుంచి దూరం పెట్టాలి అన్న నిర్ణయాల మీదే విడుదల ఆధారపడుతుంది. వాటిలో ముఖ్యమైనవి పిల్ల వచ్చిన మొదటి నెలల్లోనే జరిగిపోతాయి.

ముందు వెచ్చదనం, తర్వాతే పాలు

ఊళ్లలో పెరిగిన పిల్లలు సాధారణంగా ఒళ్లు చల్లబడి, నీరసించి, విరేచనాలతో వస్తాయి. వాటికి తీపి కలిపిన డబ్బా పాలు, అన్నం, టీ, బిస్కెట్లు పెట్టి ఉంటారు. ఆ స్థితిలో చూడగానే పాలసీసా నోటికి అందించాలనిపిస్తుంది. మొదటి ప్రమాదం అక్కడే ఉంది. ఒళ్లు చల్లబడిన పిల్లకు పేగులు సరిగా కదలవు, తాగిన పాలు అరక్క కడుపు ఉబ్బుతుంది. మింగే శక్తి చాలక పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. అందుకని శరీర ఉష్ణోగ్రత ముందు 36 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. దుప్పటి, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాలు, మనిషి ఒంటి వేడి సరిపోతాయి. వేడి సీసా నేరుగా చర్మానికి తగలకుండా చూసుకోవాలి, ఎందుకంటే నీరసంగా ఉన్న పిల్ల కాలుతున్నా పక్కకు జరగలేదు. రక్తంలో చక్కెర పడిపోయి ఉంటే చిగుళ్లకు గ్లూకోజు రాస్తారు.

ఒళ్లు వెచ్చబడ్డాక ఓఆర్‌ఎస్ ద్రావణం. స్పృహ సరిగా లేనివాటికి సెలైన్ ఎక్కించాలి. ఓఆర్‌ఎస్ కడుపులో నిలిస్తే, మన శిశువులకు వాడే ఫార్ములా పాలనే సగం పలచగా కలిపి మొదలుపెట్టి, ఒకటి రెండు రోజుల్లో పూర్తి చిక్కదనానికి తెస్తారు. ఒక్క విడతకు ఇచ్చేది ఒంటి బరువులో 5 శాతం దాటకూడదు. రోజు మొత్తం మీద 20 నుంచి 25 శాతం. అంటే రెండు కిలోల పిల్లకు రోజుకు 400 నుంచి 500 మిల్లీలీటర్లు, అదీ పది విడతలుగా, రాత్రిళ్లు కూడా నిద్రలేపి. వెల్లకిలా పడుకోబెట్టి తాగించడం మనుషుల పిల్లల అలవాటు, ఇక్కడ అది పనికిరాదు. పిల్ల నిటారుగానో బోర్లాగానో, ఛాతీ దేనికైనా ఆనుకుని ఉండగా తాగించాలి. సీసాను తలకిందులు చేస్తే పాలపీక నుంచి పాలు చుక్కలుగా రాలాలి. ధార కట్టిందంటే రంధ్రం పెద్దదైందని అర్థం, ఆ పీకను పారేయాలి. ముక్కులోంచి పాలు వస్తే అక్కడితో ఆపి, తర్వాతి రెండు మూడు రోజులు శ్వాసను గమనించాలి. రోజూ ఒకే వేళకు, పాలకు ముందు తూకం వేయాలి. విరేచనం తగ్గినట్టు కనిపిస్తున్నా బరువు రెండు రోజులు వరుసగా పడిపోతే, ఎక్కడో మరో సమస్య ఉన్నట్టే లెక్క.

చీకటి గదుల్లో పెరిగిన పిల్లల్లో ఎముకలు మెత్తబడి ఉంటాయి. ఎండ తగలక, కాల్షియం అందక కాళ్లు వంగుతాయి, చిన్న కుదుపుకే ఎముక చిట్లుతుంది. వీటికి విటమిన్ డి, కాల్షియంతో పాటు రోజూ ఉదయపు ఎండ కావాలి. ఎముక గట్టిపడేదాకా చెట్లెక్కనివ్వరు.

మందులకు లొంగని సమస్య ఒంటరితనం. పుట్టిన మొదటి రెండేళ్లూ ఒరాంగుటాన్ పిల్ల తల్లి ఒంటిని దాదాపు వదలదు. దాన్ని ఒంటరిగా బోనులో ఉంచితే తనను తానే చేతులతో చుట్టుకుని ముందుకూ వెనక్కూ ఊగుతుంది, వెంట్రుకలు పీక్కుంటుంది, కొన్నిసార్లు పాలే మానేస్తుంది. ఎవరో ఒకరు ఎత్తుకుని తిరగక తప్పదు. అయితే ఆ ఎవరో ఒకరు ఇద్దరు ముగ్గురు ఆయాలకు మించకూడదు. చూడటానికి వచ్చినవాళ్లు ఎత్తుకోవడం, ఫొటోలకు ఇవ్వడం పూర్తిగా నిషేధించాలి. తెలిసిన ముఖాలు కొన్నే అయితే పిల్లకు భద్రత దొరుకుతుంది, మనుషులందరూ మంచివాళ్లేనన్న నమ్మకం మాత్రం పడదు. ఆ నమ్మకమే పదేళ్ల తర్వాత దాన్ని వేటగాడి దగ్గరికి నడిపిస్తుంది. క్వారంటైన్ ముగియగానే అదే వయసు పిల్లను జతచేస్తే రెండూ ఒకదాన్నొకటి కరుచుకుని పడుకుంటాయి. ఆధారం మనిషి నుంచి సాటి ఒరాంగుటాన్ వైపు మళ్లడం అక్కడినుంచి మొదలవుతుంది.

క్వారంటైన్‌లో వెతికేవి

కొత్తగా వచ్చినదాన్ని కనీసం నెల రోజులు, చాలాచోట్ల మూడు నెలల వరకు మిగతావాటికి దూరంగా ఉంచుతారు. మనుషుల రోగాలు చాలావరకు ఒరాంగుటాన్లకు అంటుకుంటాయి కాబట్టి, ఊళ్లో ఏళ్లతరబడి ఉన్న జంతువు అక్కడి జబ్బులన్నీ మోసుకొచ్చి ఉండొచ్చు. అన్నిటికంటే భయపడాల్సింది క్షయ. కనురెప్ప చర్మంలోకి క్షయ క్రిమి నుంచి తీసే ట్యూబర్‌క్యులిన్ అనే ద్రవాన్ని 0.1 మిల్లీలీటరు ఎక్కించి 24, 48, 72 గంటలకు వాపు చూడటం కోతులన్నిటికీ వాడే పరీక్షే. ఒరాంగుటాన్లలో మాత్రం దీన్ని ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం. జబ్బు లేకపోయినా కనురెప్ప వాచేవి చాలా ఉంటాయి, బాగా చిక్కిపోయినవాటిలో జబ్బున్నా వాపు రాదు. అందుకని ఛాతీ ఎక్స్‌రే, శ్వాసనాళం నుంచి తీసిన ద్రవంలో క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్ష, రక్తపరీక్ష కలిపి చూసి నిర్ణయిస్తారు. క్షయ ఉన్నదాన్ని అడవిలోకి వదలరు. నెలలపాటు మందులు మింగించినా, పూర్తిగా పోయిందని నమ్మకంగా చెప్పే దారి లేదు.

ఇక నులిపురుగులు. స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నని పురుగు చిన్న పిల్లల్ని చంపుతుంది. దాని లార్వా నేల మీది తడి మట్టి నుంచి చర్మం గుండా లోపలికి పోతుంది. బోనుల్లో, నేల మీద ఎక్కువసేపు గడిపే జంతువుల్లో మళ్లీమళ్లీ సోకుతూనే ఉంటుంది. కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాముల ఐవర్‌మెక్టిన్ ఇస్తారు. మందు ఇచ్చి బోను కడగకపోతే ఆ మందు వృథా. వానల్లో మట్టి నుంచి, బురదనీటి నుంచి సోకే మెలియాయిడోసిస్ కూడా బోర్నియోలో ఒరాంగుటాన్లను చంపిన రోగమే. జ్వరం వచ్చిన రెండు మూడు రోజుల్లోనే చనిపోవచ్చు కాబట్టి కల్చర్ ఫలితం కోసం ఎదురుచూడకుండా మందు మొదలుపెట్టాలి.

ఒరాంగుటాన్ గొంతు కింద పెద్ద గాలిసంచి ఉంటుంది. జలుబు చేసినప్పుడు చీము అందులోకి జారి నిలుస్తుంది. బయటికి కనిపించేది కొద్దిపాటి వాపు, ముక్కు కారడం, నోటి దుర్వాసన మాత్రమే. నిద్రలో ఆ చీము ఊపిరితిత్తుల్లోకి ఒలికితే న్యుమోనియాతో పోతుంది. యాంటీబయాటిక్ సంచి లోపలిదాకా సరిగా చేరదు. సంచిని కోసి, కడిగి, చీము కారిపోయేలా వారాలతరబడి తెరిచి ఉంచాలి. అయినా కొన్నిటికి మళ్లీ వస్తుంది. అలాంటివాటిని విడుదల జాబితాలో చేర్చడం కష్టం. ఇదంతా మామూలు జలుబుతో మొదలవుతుంది కనుకే ఆయాలు, వైద్యులు మాస్కు లేకుండా లోపలికి రాకూడదు, తుమ్ము వచ్చినవాళ్లు ఆ రోజు విధుల్లోకి రాకూడదు. సిబ్బందికి క్షయ, హెపటైటిస్ పరీక్షలు క్రమం తప్పకుండా జరగాలి. 2020లో కరోనా మొదలవగానే కొన్ని కేంద్రాలు విడుదలలు ఆపేసి 2021 దాకా తిరిగి మొదలుపెట్టకపోవడానికి కారణం కూడా ఇదే. సిబ్బంది నుంచి ఒక్కదానికి సోకి, అది అడవిలోకి వెళ్తే అక్కడ వైద్యం ఉండదు.

గాయపడిన పెద్దవి

పెద్ద ఒరాంగుటాన్‌ను చెట్టు మీది నుంచి దింపడమే ఒక ప్రమాదకరమైన పని. మత్తు సూది తగిలాక అది అయిదు పది నిమిషాల్లో పట్టు వదులుతుంది. అప్పుడు కింద వల పట్టుకున్నవాళ్లు సరిగ్గా దాని కింద ఉండాలి. సూది తగలగానే జంతువు పక్క చెట్టుకు మారుతుంది కాబట్టి వల పట్టినవాళ్లు పొదల్లో, బురదలో తల పైకెత్తి దానితోపాటు కదలాలి. ముందుగా చుట్టూ ఉన్న పొదలు నరికి నేల చదును చేసుకోవడం, చెట్టు మరీ ఎత్తుగా ఉంటే, కింద నీళ్లుంటే ఆ రోజుకు ఊరుకోవడం నేర్చుకున్న బృందాలే నష్టం లేకుండా పనిచేస్తాయి.

2019 మార్చిలో సుమత్రాలోని ఆచే ప్రాంతంలో ఒక తల్లి ఒరాంగుటాన్ దొరికింది. ఎక్స్‌రేలో దాని ఒంట్లో 74 ఎయిర్‌గన్ గుళ్లు తేలాయి. రెండు కళ్లూ పోయాయి, కాలర్‌బోన్ విరిగింది. పాలు తాగే పిల్ల దారిలోనే చనిపోయింది. హోప్ అని పేరు పెట్టిన ఆ తల్లికి ఎముక సరిచేశారు గానీ గుళ్లన్నీ తీయలేదు. ఇది నిర్లక్ష్యం కాదు. కండలో నాటుకున్న గుండు చుట్టూ శరీరం పొర అల్లుకుంటుంది, దాని కోసం కోస్తే కొత్త గాయం, ఎక్కువసేపు మత్తు, ఎక్కువ రక్తనష్టం. చీము పట్టినవి, కంటిలోనివి, ముఖ్యంగా కీళ్లలోనివి ముందు తీస్తారు. కీలులోని ద్రవంలో సీసం కరుగుతుంది, నెమ్మదిగా రక్తంలో చేరి విషమవుతుంది.

ఏ వైకల్యంతో అడవికి పంపొచ్చన్నది ఒక్కో జంతువునూ చూసి తేల్చాలి. వేళ్లు పోయినవి, ఒక చెయ్యి బలహీనమైనవి కూడా చెట్ల మీద బతకగలవు. రెండు కళ్లూ లేనిది బతకలేదు. సుమత్రాలో శుక్లాలతో చూపు పోయిన గోబర్ అనే ఆడదానికి 2012లో కంటి శస్త్రచికిత్స చేశారు. చూపు వచ్చాక 2015లో దాన్నీ, కేంద్రంలో దానికి పుట్టిన కవలల్నీ జాంథో అడవిలో వదిలారు. కవలల్లో ఒకటి తల్లి వెంట నిలదొక్కుకుంది. రెండోది తల్లిని అందుకోలేక వెనకబడిపోవడంతో తిరిగి కేంద్రానికి తేవాల్సి వచ్చింది. పుట్టుక నుంచీ సొంత తల్లి ఉన్నా, బోనులో పెరిగిన పిల్లకు అడవి ఎంత కొత్తో ఇక్కడ తెలుస్తుంది.

అడవి బడి

పిల్లకు ఏడాదిన్నర, రెండేళ్లు దాటి ఒళ్లు గట్టిపడ్డాక అడవి బడి మొదలవుతుంది. బోర్నియోలో 1999లో మొదలైన న్యారు మెంటెంగ్ వంటి కేంద్రాల్లో ఆయాలు ఉదయం ఏడు గంటల ప్రాంతంలో పిల్లల్ని పక్కనున్న అడవికి తీసుకెళ్లి మధ్యాహ్నం మూడింటికి వెనక్కి తెస్తారు. వయసును బట్టి కాక నైపుణ్యాన్ని బట్టి గుంపులు కడతారు. అయిదేళ్ల పిల్ల అయినా కొమ్మలెక్కడం రాకపోతే చిన్నవాటితోనే కూర్చోవాలి.

మొదటి పాఠం ఎత్తు. ఊళ్లో పెరిగిన పిల్లకు నేలే ఇల్లు. అది ఆయా కాలు పట్టుకుని కూర్చుంటుంది. ఆయా దాన్ని సన్నని చెట్టు మొదట్లో పెట్టి, కింద నిలబడి, తిండిని అందీ అందనట్టుగా పైన ఉంచుతుంది. పడితే వెంటనే ఎత్తుకోకూడదు, దెబ్బ తగిలిందేమో చూసి మళ్లీ చెట్టుకే చేర్చాలి. ప్రతి ఏడుపుకూ ఎత్తుకునే ఆయా దగ్గర పెరిగిన పిల్ల మూడేళ్లకు కూడా చెట్టు దిగి ఆమె దగ్గరికే వస్తుంది. నేల మీద గడిపే సమయం తగ్గడమే ఈ దశలో అసలు కొలత. నేల మీద నులిపురుగులుంటాయి, సుమత్రాలో పులులుంటాయి, బోర్నియోలో మబ్బుమచ్చల చిరుతలుంటాయి, రెండుచోట్లా మనుషులుంటారు.

రెండోది తిండి. బొప్పాయి, అరటి ముక్కలు కోసి పళ్లెంలో పెడితే తిండి పళ్లెంలోనే ఉంటుందని నేర్చుకుంటుంది. కాబట్టి అత్తి పండ్లను కొమ్మతో సహా వేలాడదీస్తారు, చెదపురుగుల పుట్ట ముక్కను అలాగే ఇస్తారు, తొర్రల్లో తేనె దాచిపెడతారు. పేము మొవ్వు తీయడం అందరికీ కనిపించేంత కష్టమైన పాఠం. పై ఆకులన్నీ ముళ్లు. పట్టు ఎక్కడ పట్టాలో తెలియక పిల్ల రెండు మూడు సార్లు చేయి వెనక్కి లాగేస్తుంది. కాస్త పెద్ద పిల్ల ఆకు మొదలును పళ్లతో కరిచి పట్టుకుని, లేత చిగురును నిలువుగా, మెల్లగా లాగి బయటికి తీస్తుంటే చిన్నది దాని మోచేతి కిందినుంచి మూతి పెట్టి చూస్తుంది. ఈ పని ఆయా చేసి చూపిస్తే సగమే అందుతుంది. చెట్టు మీద తోటి పిల్ల చేస్తుంటే చూసినది త్వరగా పట్టుబడుతుంది. అందుకే పనితనం ఉన్న ఒకటి రెండు పెద్ద పిల్లలు ప్రతి గుంపులోనూ ఉండేలా చూడటం, ఆయాల సంఖ్య పెంచడం కంటే ఎక్కువ ఫలితమిస్తుంది. అడవిలోని ఒరాంగుటాన్ వందల రకాల మొక్కలు తింటుంది. పళ్లు లేని నెలల్లో బెరడు, ఆకులు తిని గట్టెక్కుతుంది. బడి పూర్తిచేసే పిల్ల పళ్లు దొరికితే తినడం కాదు, దొరకనప్పుడు ఏం తింటుందో చూడాలి.

గూడు మూడోది. ఒరాంగుటాన్ రోజూ సాయంత్రం కొత్త గూడు కట్టుకుంటుంది. గట్టి కొమ్మల్ని చుట్టూ లోపలికి వంచి అంచు తొక్కి, పైన ఆకుల కొమ్మలు పరుస్తుంది. పిల్లలు చిన్నప్పుడే ఆటగా కొమ్మలు వంచడం మొదలుపెట్టాలి. ఆ వయసు బోనులో గడిచిపోయినవి తర్వాత ఎంత చూసినా వదులుగా, నిలవని గూళ్లు కడతాయి, లేదా పాత గూళ్లు వెతుక్కుంటాయి. పాము అంటే భయం కూడా నేర్పాల్సిందే. రబ్బరు పామును దారిలో పెట్టి ఆయాలు అరుస్తూ వెనక్కి పరుగెడతారు. పిల్లలు వాళ్ల భయాన్ని చూసి భయపడతాయి.

ఏడెనిమిదేళ్లకు వీటిని నదీ దీవులకు మారుస్తారు. ఒరాంగుటాన్లు ఈదలేవు కాబట్టి చుట్టూ నీళ్లే కంచె. ఎండాకాలంలో నీరు తగ్గితే నడిచి దాటే అవకాశం ఉంది, ఆ నెలల్లో కాపలా పెంచాలి. ఆయాలు ఇక దీవిలోకి రారు. దీవిలో కాసేది అన్నిటికీ చాలదు గనక పడవలో తెచ్చిన తిండిని వేదికల మీద పెడతారు. ఒక్కో జంతువును ఉదయం గూడు దిగినప్పటి నుంచి సాయంత్రం గూడు ఎక్కేదాకా గమనిస్తూ, ప్రతి రెండు నిమిషాలకు అది ఏం చేస్తోందో, ఎంత ఎత్తులో ఉందో, ఏం తింటోందో రాస్తారు. ఆ కాగితాలే విడుదలను నిర్ణయిస్తాయి. మనిషిని చూసి పైకెక్కి కొమ్మలు విరిచి విసిరే జంతువుకు మంచి మార్కులు. పడవ చప్పుడు వినగానే ఒడ్డుకు పరుగెత్తుకొచ్చేది మిగతావన్నీ బాగా చేసినా ఆగాలి.

ఏ అడవిలో, ఎలా

1960లు, 70ల్లో మొదలైన తొలి కేంద్రాలు, అంటే బోర్నియోలోని మలేసియా రాష్ట్రం సబాలో 1964 నాటి సెపిలోక్, సుమత్రాలో 1973 నాటి బోహొరొక్, బోర్నియోలోని ఇండోనేసియా భాగమైన కాలిమంతాన్‌లో 1971 నుంచి నడిచిన క్యాంప్ లీకీ, అడవి ఒరాంగుటాన్లున్న చోటే వదిలేవి. అప్పటికి తెలిసింది అంతే. వాటి ఫలితాలు చూశాకే రోగాలు అడవివాటికి సోకే ప్రమాదం, వేరే ఉపజాతి రక్తం కలిసిపోవడం, పర్యాటకుల చేతి తిండికి మరిగి వేదికల్ని వదలకపోవడం అర్థమయ్యాయి. ఇండోనేసియా 1995లో నిబంధన మార్చింది. కేంద్రాల నుంచి వెళ్లేవాటిని అడవి ఒరాంగుటాన్లు లేని చోటే వదలాలి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) 2007లో పెద్ద వానరాల విడుదలకు మార్గదర్శకాలు ప్రచురించింది.

దీంతో అడవి వెతకడమే పెద్ద పని అయింది. ఒకప్పుడు ఒరాంగుటాన్లు ఉండి వేటతో ఖాళీ అయిన, ఇప్పుడు వేట ఆగిన, తిండి చెట్లున్న పల్లపు అడవి కావాలి. ఎత్తు పెరిగేకొద్దీ పళ్ల చెట్లు తగ్గుతాయి. వదిలే ముందు నమూనా స్థలాల్లో చెట్లు లెక్కపెట్టి, ఏడాదిపాటు కాపు గమనిస్తే ఎన్ని జంతువులకు చాలుతుందో తెలుస్తుంది. ఈ లెక్కతోనే 2012 నుంచి మధ్య కాలిమంతాన్‌లోని బుకిట్ బతికాప్‌లో, తూర్పు కాలిమంతాన్‌లో 86,450 హెక్టార్ల కెహ్జె సెవెన్ అడవిలో, 2016 నుంచి బుకిట్ బకా బుకిట్ రయా జాతీయ ఉద్యానవనంలో విడుదలలు జరుగుతున్నాయి. సుమత్రాలో బుకిట్ తిగపులు, జాంథో అడవులున్నాయి.

జాడ తెలిపే రేడియో పరికరాన్ని మెడకు కట్టలేరు. గొంతు సంచి ఉంటుంది, మగవాటి మెడ ఏళ్లతరబడి లావెక్కుతూ ఉంటుంది. అందుకని చిన్న ట్రాన్స్‌మిటర్‌ను రెండు భుజాల మధ్య చర్మం కింద అమరుస్తారు. కుట్లు బయటికి కనిపిస్తే వేళ్లతో పీకేస్తుంది కనుక లోపలి పొరలోనే కుట్టి, పుండు మానేదాకా వారాలు ఆగి తర్వాతే పంపుతారు. బ్యాటరీ రెండు మూడేళ్లు వస్తుంది. సంకేతం కొన్ని వందల మీటర్లే అందుతుంది, మధ్యలో కొండ వస్తే అదీ ఉండదు. కాబట్టి రేడియో ఉన్నా మనుషులు రోజూ వెంట నడవాల్సిందే.

తలుపు తెరిచాక

మొదటి వారాల్లో బరువు తగ్గడం మామూలే. ఎంత తగ్గితే జోక్యం చేసుకోవాలన్నది కష్టమైన ప్రశ్న. చెట్టు మీది జంతువును తూచలేరు. తెల్లవారుజామున గూడు కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, నిద్రలేవగానే అది పోసే మూత్రాన్ని పట్టి, మధుమేహ రోగులు వాడే కాగితపు పట్టీ ముంచి చూస్తారు. కీటోన్లు కనిపిస్తే ఒంటి కొవ్వు కరుగుతోందని అర్థం. ఒకటి రెండు రోజులైతే ఆగొచ్చు, రోజులతరబడి వస్తుంటే తిండి అందించాలి. అందించేటప్పుడు కూడా మనిషి చేతినుంచి ఇవ్వకుండా కొమ్మల్లో పెట్టి తప్పుకోవాలి. సెపిలోక్‌లో వేదిక మీద రోజూ విసుగు పుట్టేలా ఒకే రకం తిండి పెట్టేవారు. కొత్తదనం అడవిలోనే దొరకాలన్నది దాని ఉద్దేశం.

చనిపోయేవి ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. విడిది గుడిసెల చుట్టూ తిరిగేవి, నేల మీద ఎక్కువగా ఉండేవి, పళ్లు లేని కాలంలో వదిలినవి, ముందే అక్కడ స్థిరపడ్డ పెద్ద మగదాని చేతికి చిక్కినవి. పాత ప్రాజెక్టుల్లో బతికినవాటి అంచనాలు 20 శాతం నుంచి 80 శాతం దాకా ఉన్నాయి. ఇంత తేడాకు ఒక కారణం పద్ధతులైతే, రెండో కారణం లెక్కపెట్టే తీరు. బ్యాటరీ అయిపోయాక కనిపించనిదాన్ని బతికున్నట్టు రాస్తే శాతం పెరుగుతుంది, చనిపోయినట్టు రాస్తే పడిపోతుంది. బతికున్నట్టు ఆధారం ఉన్నవి, చనిపోయినట్టు తేలినవి, జాడ లేనివి అని మూడుగా విడగొట్టని నివేదికను నమ్మడం కష్టం. విడుదల రోజు కెమెరాలు వస్తాయి, విరాళాలూ వస్తాయి. మూడో ఏడాది కొండ మీద వానలో తిరిగే ఇద్దరు పరిశీలకుల జీతానికి డబ్బు దొరకదు. ఈ రంగంలో వెంటనే సరిచేయాల్సిన లోటు అదే.

తోటల్లో దొరికిన ఆరోగ్యమైన పెద్దవాటిని పట్టి దూరపు అడవికి తరలించడాన్ని కూడా రక్షణ అనే అంటున్నారు. దీన్ని అనుమానంగానే చూడాలి. తరలించినవాటిలో చాలా భాగం తర్వాత ఏమయ్యాయో ఎవరూ చూడరు, కొన్ని పాత చోటికే తిరిగొస్తాయి, ఖాళీ అయిన అడవి ముక్క మాత్రం వెంటనే నరుకుడుకు సిద్ధమవుతుంది. గాయం లేని జంతువు ఉన్న చోటే ఉండేలా నదుల ఒడ్డున చెట్ల వరస మిగల్చడం, తోట సిబ్బందికి కాల్చకుండా తరమడం నేర్పడం మేలు. బోర్నియో ఒరాంగుటాన్ 2016 నుంచి తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది. 2017లో కొత్త జాతిగా గుర్తించిన తపనులి ఒరాంగుటాన్లు 800 కంటే తక్కువే. ప్రపంచంలో పామాయిల్‌ను అన్నిటికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశం మనది. ఇండోనేసియా, మలేసియా నుంచి వచ్చే ముడినూనె కాకినాడ, కృష్ణపట్నం రేవుల దగ్గరి కర్మాగారాల్లో శుద్ధయి మన వంటింటికి చేరుతోంది. ఏ తోట నుంచి వచ్చిన నూనెనో చెప్పమని కొనేవాళ్లు అడిగితే తప్ప అమ్మేవాళ్లు చెప్పరు.

మన కోతుల సంగతి

తెలుగు నేల మీద ఈ పని కోతులతోనే ఎక్కువగా ఎదురవుతుంది. రోడ్డు మీద బండి గుద్దడంవల్లనో కరెంటు తీగ తగలడంవల్లనో తల్లి చనిపోతే పిల్ల శవాన్ని కరుచుకుని ఉంటుంది. కోతిపిల్లకు ఏడేళ్ల చదువు అక్కర్లేదు, గుంపు కావాలి. దక్షిణాఫ్రికాలో వెర్వెట్ కోతుల కేంద్రాలు అనాథ పిల్లను కొన్ని వారాల్లోనే తీగజాలి పక్కన ఒక ఆడకోతికి చూపించి, అది చేయి చాపి దగ్గరికి తీసుకోవడం మొదలుపెట్టాక కలిపేస్తాయి. తర్వాత గుంపుగానే వదులుతాయి. మన దగ్గర ఇంట్లో గొలుసు వేసి ఏడాది పెంచాక, కరవడం మొదలుపెట్టగానే అడవి అంచున వదిలేస్తారు. గుంపు లేని ఆ కోతిని అక్కడి కోతులు చేర్చుకోవు, అది తిరిగి మనుషుల దగ్గరికే వస్తుంది. ఊళ్లలో పట్టిన గుంపుల్ని చూసీ చూడకుండా దూరంగా వదలడం కూడా ఇలాంటిదే. దక్షిణాదికి చెందిన టోపీకోతుల ప్రాంతంలోకి ఉత్తరాది రీసస్ కోతులు ఇప్పటికే పాకుతున్నాయి, జాతి గమనించకుండా వదిలితే అది మరింత వేగం పుంజుకుంటుంది. నిర్మల్ దగ్గర 2020 డిసెంబరులో తెరిచిన కేంద్రం కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసి వదిలే పద్ధతికి ఒక ప్రయత్నం.

అలాంటి పిల్ల ఎదురైతే చేయాల్సినవి కొద్దే. గుంపు దగ్గర్లో ఉండి, పిల్లకు గాయం లేకపోతే దూరంగా నిలబడి కొంతసేపు ఆగాలి, గుంపులోని మరో ఆడకోతి వచ్చి తీసుకుపోవచ్చు. రాకపోతే మందపాటి గుడ్డతో పట్టి, చుట్టిన తువ్వాలును కరుచుకోనిచ్చి, గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా, వెచ్చగా ఉంచాలి. ఆవుపాలు, గేదెపాలు పట్టకూడదు. ఒళ్లు వెచ్చబడ్డాకే ఓఆర్‌ఎస్ చుక్కలు చుక్కలుగా ఇచ్చి, అదే రోజు అటవీ శాఖకు అప్పగించాలి. కరిచినా గీరినా ఆ చోటును సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి రేబిస్ టీకా వేయించుకోవాలి. ఏ గుంపు దగ్గర, ఏ చోట దొరికిందో రాసి ఇస్తే, పెరిగాక ఎక్కడ వదలాలో అధికారులకు తెలుస్తుంది.